మధ్యలో ఉన్నవాళ్ళంతా ఎవరి మనుషులు? తిరుపతిలో ఒక హోమ్ లోన్ ఫైలు కథ

నేను తిరుపతిలో హోమ్ లోన్ డీఎస్‌ఏని, అంటే డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంటుని. కస్టమర్‌ని వెతుక్కుని, కాగితాలు సర్ది, ఫైలు బ్యాంకులోకి పంపి, లోన్ డబ్బు విడుదలయ్యాక బ్యాంకు దగ్గర కమీషన్ తీసుకుంటాను. పదకొండేళ్ళుగా ఇదే పని. ఈ ఫైలులో నేను గొప్పగా చేసిందేమీ లేదు, పైగా ఒకటికి రెండు తప్పులు చేశాను. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఇంటి లోన్ దారిలో ఎదురయ్యే మనుషులు దాదాపు అందరూ ఈ ఒక్క ఫైలులోనే వరసగా వచ్చి పోయారు. కస్టమర్లని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

భర్త కరకంబాడి వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, చేతికి 48 వేలు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. తిరుపతి రూరల్‌లో 30 అంకణాల స్థలంలో కట్టిన ఇల్లు ఒకటి చూశారు, 46 లక్షలకు మాట కుదిరింది. 3 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, 60 రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు. నా దగ్గరికి వచ్చింది 24వ రోజు. లడ్డూ కవర్‌లో కాగితాలన్నీ పెట్టుకొచ్చి టేబుల్ మీద కుమ్మరించి, "అన్నా, నలుగురు నాలుగు మాటలు చెప్తా ఉన్నారు, ఎవరిది నమ్మాలో తెలీడంలేదు" అన్నాడాయన.

ఆ నలుగురు ఎవరో ముందు చూద్దాం.

మొదటివాడు వాళ్ళ వీధిలోనే ఉండే ఒకాయన. చీటీలు, ఇన్సూరెన్సు, బండి ఫైనాన్సు అన్నీ చూస్తాడు. మా భాషలో ఇలాంటివాళ్ళని కనెక్టర్ అంటాం. వీళ్ళకి బ్యాంకుతో నేరుగా ఒప్పందం ఉండదు, ఏ డీఎస్‌ఏకో కస్టమర్‌ని అప్పజెప్పి అతని కమీషన్‌లో వాటా తీసుకుంటారు. అందులో తప్పేం లేదు, నాకూ ఇద్దరు ముగ్గురు కనెక్టర్లు ఉన్నారు. కానీ ఈయన "ఫైలు ఖర్చులు" అని 10 వేలు నగదు తీసుకున్నాడు, రసీదు లేదు. "శాంక్షన్ నేను చేయిస్తా, లోపల మనవాళ్ళు ఉన్నారు" అన్నాడట. ఈ మాట ఎవరి నోట విన్నా లేచి వచ్చేయండి. లోన్ మంజూరు చేసే నిర్ణయాన్ని బ్యాంకు బయటివాళ్ళకి అప్పగించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. కనెక్టర్ కాదు, డీఎస్‌ఏ కాదు, ఆఖరికి మీకు రోజూ ఫోన్ చేసే సేల్స్ అబ్బాయి కూడా శాంక్షన్ చేయలేడు. మేమంతా తలుపు దాకా తీసుకెళ్ళేవాళ్ళం, అంతే.

రెండోవాడు ఇల్లు చూపించిన బ్రోకరు పంపిన ఒక ప్రైవేటు బ్యాంకు ఎగ్జిక్యూటివ్. ఇతను బ్యాంకు మనిషే, జీతం బ్యాంకుదే, నెలకు ఇన్ని కోట్ల ఫైళ్ళు తేవాలని టార్గెట్ ఉంటుంది. మర్యాదగానే మాట్లాడాడు. భర్త జీతం చూశాడు, పర్సనల్ లోన్ కంతు నెలకు 6,200 ఉందని చూశాడు, 23 లక్షలు మించి రాదని చెప్పేశాడు. లెక్క తప్పు కాదు. జీతంలో 55 శాతం దాకా కంతులకు పోవచ్చనుకుంటే 26,400, అందులో పాత కంతు తీసేస్తే 20,200, దానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు 23 లక్షల చిల్లర వస్తుంది. వీళ్ళకి కావలసింది 34.

మూడోవాడు కనెక్టర్ వెనక ఉన్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మనిషి. ఇక్కడ 34 లక్షలకు శాంక్షన్ లెటర్ కూడా వచ్చేసింది, 11 శాతం వడ్డీకి. ఎట్లా వచ్చిందబ్బా అని అప్లికేషన్ జిరాక్స్ తిరగేస్తే, టీచరమ్మని టైలరింగ్ షాపు ఓనర్ని చేసి పెట్టారు! ఇలాంటి కంపెనీలు కాగితం లేని చిన్న వ్యాపారాల ఆదాయాన్ని అంచనా వేసి లెక్కలోకి తీసుకుంటాయి. నిజంగా టీ కొట్టో, కూరగాయల షాపో నడుపుకునేవాళ్ళకి అది పెద్ద ఆసరా, బ్యాంకులు మొహం కూడా చూడని మనుషులకు వీళ్ళే ఇళ్ళు కట్టించారు. కానీ ఇక్కడ లేని కుట్టుమిషన్ని సృష్టించారు. కింద సంతకం ఆమెది. రేపు తేడా వస్తే తప్పుడు వివరాలిచ్చింది ఆమే అవుతుంది, కనెక్టర్ పేరు ఆ ఫైలులో ఎక్కడా ఉండదు.

"మేడమ్, మీకు జీతం చేతికిస్తారా, బ్యాంకులో వేస్తారా?" అని అడిగాను.

"బ్యాంకులోనే అన్నా, 18 వేలు. ఏడాది పైనే అయింది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"నన్ను ఎవరూ అడగలేదు కదా!"

నిజమే. 24 రోజుల్లో నలుగురు మగవాళ్ళు వాళ్ళింటి హాల్లో కూర్చుని కాఫీ తాగి వెళ్ళారు, ఆమెను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. 14 నెలల జీతం స్టేట్‌మెంటులో కనపడుతోంది. ఇద్దరి ఆదాయం కలిపితే 66 వేలు, 55 శాతం అంటే 36,300, పాత కంతు పోను 30,100. 34 లక్షలకు 8.5 శాతంతో నెల కంతు 29,506. సరిగ్గా సరిపోయింది. అదే 34 లక్షలు 11 శాతానికైతే కంతు 35,094. నెలకు 5,588 తేడా, 240 నెలలకు 13 లక్షల 41 వేలు. ఆ కాగితం ఆయన చాలాసేపు చూశాడు.

ఇంకో చిన్న వింత. ఆ ఫైనాన్స్ కంపెనీ ఫైలుని చూసేది ఇక్కడ కాదు, వేరే ఊళ్ళో. పాత దస్తావేజులో విస్తీర్ణం అంకణాల్లోనే ఉంది. మన తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. అక్కడి వాళ్ళు 72తో గుణించారు. 1,080 అడుగుల స్థలం 2,160 అయింది, విలువ ఆకాశంలో కూర్చుంది. కనెక్టర్ "చూశారా, మన పలుకుబడి" అన్నాడట.

నాలుగోవాడు దస్తావేజు లేఖరి. ఈయన అగ్రిమెంటులో 46 లక్షలు రాయలేదు, 30 లక్షలని రాశాడు. అటూ ఇటూ అందరూ అట్లనే రాసుకుంటారని, రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని. ఏపీలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం. 46కి 3 లక్షల 45 వేలు, 30కి 2 లక్షల 25 వేలు, మిగిలేది లక్షా 20 వేలు. కానీ బ్యాంకు అగ్రిమెంటు ధర, తన ఇంజినీరు కట్టిన విలువ, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే లోన్ ఇస్తుంది. 30 లక్షల లోపు లోన్‌కి విలువలో 90 శాతం దాకా, 30 దాటి 75 లక్షల లోపు అయితే 80 శాతం దాకా అని రిజర్వు బ్యాంకు హద్దు. 46 మీద 36 లక్షల 80 వేల దాకా వచ్చే అవకాశం ఉన్నది, 30 మీద 27 దగ్గర ఆగిపోతుంది. లక్షా 20 వేలు మిగిల్చుకోబోయి పది లక్షల దాకా లోన్ పోగొట్టుకోవడం. మిగతా 16 లక్షలు నల్లగా ఎక్కడి నుంచి తెస్తారు, వడ్డీ వ్యాపారి దగ్గర్నుంచే కదా. పైగా ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్ళకి అంతకంత జరిమానా ఉంది. లేఖరికి ఈ గొడవంతా పట్టదు. ఆయన పని కాగితం రాయడం, ఆయనకు డబ్బులు కాగితానికి.

అమ్మే ఆయన రిటైర్డు మనిషి, మంచివాడు, 46 అని రాస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ మీద పడుతుందని భయం. ఒక ఆడిటర్ దగ్గర కూర్చోబెట్టాం. 1,500 తీసుకుని అరగంటలో లెక్క వేసి, పాత ఆస్తి కాబట్టి ఏ పద్ధతిలో ఎంత పన్ను, ఇంకో ఇల్లు కొంటే ఎంత తగ్గుతుంది అన్నీ రాసిచ్చాడు. ఆయన ఊహించుకున్న దాంట్లో సగం కూడా లేదు. ఈ కథ మొత్తంలో, ఎవరి పనైతే చేశాడో వాళ్ళ దగ్గరే డబ్బు తీసుకున్న మొదటి మనిషి ఆ ఆడిటరే.

26వ రోజు అగ్రిమెంటు 46 లక్షలకు మార్చి రాశారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. కొనేవాళ్ళు గడువులో మిగతా డబ్బు ఇవ్వకపోతే అడ్వాన్సు పోతుందని ఒక వాక్యం ఉంది, అమ్మేవాళ్ళ కాగితాల్లో లోపం వల్ల లోన్ ఆగితే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలన్న వాక్యం లేదు. చూశాను, పట్టించుకోలేదు. మొదటి తప్పు అది.

క్రెడిట్ రిపోర్టు తీయిస్తే 20 రోజుల్లో ఐదు ఎంక్వైరీలు, 742 ఉన్న స్కోరు 718కి దిగింది. కనెక్టర్ ఒకేసారి మూడు చోట్ల ఫైలు పెట్టాడు. ఎక్కడ ముందు పడితే అక్కడ అన్నట్టు, గాలిపటాలు ఎగరేసినట్టు. ఒక్కో క్రెడిట్ సంస్థ దగ్గర ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా మనమే తీసుకోవచ్చు, అట్లా మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. బ్యాంకు చూస్తేనే ఎంక్వైరీగా పడుతుంది. మిగతా అప్లికేషన్లు వద్దని రాతపూర్వకంగా మెయిల్ పెట్టించి, ఒక ప్రభుత్వ బ్యాంకులో 27వ రోజు లాగిన్ చేశాను, అంటే అప్లికేషన్ ఎక్కించాను.

ఇక్కడ రెండో తప్పు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు పట్టదు. 22ఏ జాబితా అంటాం దాన్ని. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, మఠం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డు భూములు) ఇందులో ఉంటాయి, జాబితాలో నంబరుంటే సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేయడు. తిరుపతి చుట్టుపక్కల ఇది చూడకుండా అడ్వాన్సు ఇవ్వడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని బైపాస్ రోడ్డు దాటడమే. అంత తెలిసిన నేనే చూడలేదు. ఇల్లు పాతది, రెండుసార్లు చేతులు మారింది, ఇంకేముంటుందిలే అనుకున్నాను.

33వ రోజు బ్యాంకు నుంచి ఫోను. "లీగల్ నెగెటివ్." అంటే ఇంటి కాగితాలు పాసవలేదని. అంతే, కారణం చెప్పలేదు.

ప్యానెల్ అడ్వకేట్, అంటే ఆస్తి కాగితాలు చూడటానికి బ్యాంకు పెట్టుకున్న లాయరు, ఆయన గురించి ఇక్కడ చెప్పాలి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కాబట్టి. ఆయన ఫీజు మీ జేబులోంచే పోతుంది, కానీ ఆయన క్లయింటు బ్యాంకు. రిపోర్టు బ్యాంకుకే ఇస్తాడు. బ్యాంకు ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి తాకట్టుగా పనికొస్తుందా లేదా అన్నదే ఆయన చూసేది. "బ్యాంకు లీగల్ పాసయింది కదా, ఇంక భయం లేదు" అని గుండె మీద చెయ్యేసుకునేవాళ్ళని రోజూ చూస్తుంటాను. హద్దు గోడ జరిగి ఉందా, పక్కింటాయనకి దారి హక్కు ఉందా, పైకప్పు కారుతుందా, ఇవేవీ ఆయన రిపోర్టులో ఉండవు. ప్యానెల్ ఇంజినీరూ అంతే, విలువ కట్టి వెళ్ళిపోతాడు, ఇల్లు గట్టిదో కాదో చెప్పే పూచీ ఆయనది కాదు. ఈ ఇంటికి 44 లక్షలు కట్టాడు, దాని మీద 80 శాతం అంటే 35 లక్షల 20 వేలు, మాకు సరిపోతుంది కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

అలాగే ఆ ఫైనాన్స్ కంపెనీ శాంక్షన్ లెటర్ కూడా. కింద చిన్న అక్షరాల్లో లీగల్, టెక్నికల్ రిపోర్టులకు లోబడి అని ఉంది. అంటే మీ ఆదాయం చూసి ఇష్టపడ్డాం, ఇల్లు ఇంకా చూడలేదు అని. దాన్ని చూసుకుని వీళ్ళు అప్పటికే కప్‌బోర్డులకు కొలతలు ఇచ్చేశారు. ఇంకో విషయం, 2024 అక్టోబరు 1 నుంచి సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, వడ్డీతో పాటు అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు అందులో ఉంటుంది. కనెక్టర్ దగ్గరే ఉండిపోయిందది. తెప్పించి చూస్తే లక్షా 10 వేల ఇన్సూరెన్సు ప్రీమియం లోన్‌లో కలిపేశారు. ఇన్సూరెన్సు మంచిదే, ఉండాలి కూడా, కానీ అప్పిచ్చినవాడు చెప్పిన కంపెనీ దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు.

సరే, లీగల్ సంగతి. భర్తకి టెన్షన్‌తో నిద్ర లేదు. అడ్వాన్సు పోతుందేమోనని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేవాడు. కస్టమర్ తరఫున సొంతంగా ఒక లాయర్ని పెట్టించాను, 6 వేలు ఫీజు. అసలు ఈ పని అడ్వాన్సు ఇవ్వకముందు చేయాల్సింది. ఆ లాయరు 30 ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా), పాత లింక్ డాక్యుమెంట్లు, ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూమి రికార్డు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) అన్నీ తెప్పించుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. తేలిందేమిటంటే, ఆ సర్వే నంబరు ఎప్పుడో మూడు ముక్కలైంది, అందులో ఒక ముక్క డీకేటీ పట్టా. 1977 చట్టం అసైన్డు భూమి అమ్మకాన్ని నిషేధించింది కాబట్టి దాన్ని జాబితాలో పెట్టారు, కానీ పెట్టేటప్పుడు సబ్ డివిజన్ రాయకుండా మొత్తం నంబరు ఎక్కించేశారు. మనవాళ్ళ ఇల్లున్న ముక్క సొంత పట్టా భూమే. తప్పు కాగితంలో ఉంది, నేలలో లేదు. కానీ కాగితం మారేదాకా నేల కూడా కదలదు, అర్జీ పెట్టుకుని అది కలెక్టరేటు దాకా తిరిగి రావాలి.

గడువు 60 రోజులు, ఇది నెలల పని. లాయరు అమ్మే ఆయనతో కూర్చుని నిదానంగా మాట్లాడాడు. ఆస్తి హక్కులో ఉన్న లోపం చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళదని, అలాంటి లోపం వల్ల కొనేవాళ్ళు వెనక్కి తగ్గితే అడ్వాన్సు తిరిగి పొందే హక్కు వాళ్ళకుంటుందని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చూపించాడు. పాపం ఆ పెద్దాయనకి తన ఇల్లు జాబితాలో ఉన్న సంగతే తెలీదు. "నేను ఇరవై ఏళ్ళుగా పన్ను కడతా ఉండాను నాయనా" అని అంటూనే ఉన్నాడు. చివరికి ఇంకో కాగితం రాసుకున్నారు, ఆరు నెలల్లో నంబరు జాబితాలోంచి బయటికి రాకపోతే 3 లక్షలూ పైసా తగ్గకుండా వెనక్కి. నేను మొదటే రాయించాల్సిన వాక్యం.

ఐదో నెలలో నంబరు బయటికొచ్చింది. మళ్ళీ లాగిన్, మళ్ళీ లీగల్, ఈసారి రెండు వారాల్లో శాంక్షన్. రిజిస్ట్రేషన్ భార్యాభర్తలిద్దరి పేరు మీద, ఆమె పేరు ముందు. మొదటి లాగిన్‌లో పోయిన లీగల్, వాల్యుయేషన్ ఖర్చు 6,500లో సగం నేను ఇచ్చాను, ఆయన వద్దన్నాడు, ఆమె తీసుకుంది. తీసుకోవాలి కూడా.

రిజిస్ట్రేషన్ రోజు చంద్రగిరి వైపు నుంచి తిరిగి వస్తూ టిఫిన్‌కి ఆగినప్పుడు ఆమె అడిగింది, "అన్నా, ఏమనుకోవద్దు, మా లోన్ మీద మీకెంత వస్తుంది?" పదకొండేళ్ళలో నన్ను ఈ మాట అడిగిన కస్టమర్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చెప్పాను. 34 లక్షల మీద 15,300, బ్యాంకు ఇస్తుంది.

"మరి ఆ 11 శాతం వాళ్ళయితే?"

అదీ చెప్పాను. దాదాపు దానికి రెట్టింపు.

ఆమె ఇడ్లీ తుంచుతూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అంటే మీరు కూడా బ్యాంకు మనిషే" అంది. అవునన్నాను. కమీషన్ నాకు బ్యాంకు ఇస్తుంది, ఏ బ్యాంకుతో నాకు ఒప్పందం ఉందో అక్కడికే మిమ్మల్ని తీసుకెళ్తాను, లేని చోట ఇంకా తక్కువ వడ్డీ ఉన్నా నా నోట రాదు. ఈ ఫైలులో మీ మనిషి అంటే మీరు పెట్టుకున్న ఆ 6 వేల లాయరే అని కూడా చెప్పాను. ఆయన మాత్రం "అట్లా అంటావేందన్నా" అని నొచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నారు. రిజర్వు బ్యాంకు రెపో రేటుకు ముడిపెట్టిన, దానితో పాటే వడ్డీ మారే ఫ్లోటింగ్ లోన్ కాబట్టి ముందుగా కట్టినా ఛార్జీ లేదు, ఆమె జీతం పెరిగినప్పుడల్లా కాస్త అసలులోకి వేస్తున్నారు. కనెక్టర్‌కి ఇచ్చిన 10 వేలు మాత్రం ఇంకా రాలేదు. కనపడినప్పుడల్లా రేపిస్తా అంటాడు.